నానమ్మా, ఇందులో గుడ్డు లేదు!

'ఫ్రెండ్స్' సీరియల్ చూసినవాళ్ళకి ట్రైఫిల్ అనగానే రేచల్ గుర్తొస్తుంది. థాంక్స్‌గివింగ్ పండక్కి అందరికీ ఇంగ్లిష్ ట్రైఫిల్ చేసి పెడతానని కూర్చుంటుంది. వంటల పుస్తకంలో రెండు పేజీలు అతుక్కుపోయి ఉంటాయి. ఆ సంగతి ఆమెకి తెలీదు. దాంతో సగం ట్రైఫిల్, సగం మాంసం కూర ఒకే గిన్నెలో పడతాయి. జామ్, కస్టర్డ్, వాటి మీద ఉల్లిపాయలూ బఠాణీలూ వేసి వేయించిన బీఫ్, ఆ పైన మళ్ళీ కస్టర్డ్, అరటిపండ్లు! మిగతావాళ్ళంతా నానా తంటాలు పడుతుంటే జోయీ ఒక్కడే ఇష్టంగా లాగించేస్తాడు. ఆ ఎపిసోడ్ 1999లో వచ్చింది.

చూడనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేస్తా. గాజు గిన్నెలో అడుగున కేకు ముక్కలు పరుస్తారు. వాటిని ఏదో ఒక రసంతో తడుపుతారు. ఆ పైన పండ్లు, జెల్లీ, కస్టర్డ్, చివర్న గిలక్కొట్టిన క్రీమ్. పొరలన్నీ బయటికి కనిపించాలి కాబట్టే గాజు గిన్నె. ఇంగ్లిషులో ట్రైఫిల్ అంటే 'పెద్దగా లెక్కలోకి రాని విషయం' అని అర్థం. మా ఇంట్లో మాత్రం 14 ఏళ్ళపాటు అది చాలా పెద్ద విషయం.

మేముండేది సికింద్రాబాద్‌లో, లాలాగూడ దగ్గర. నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేస్తారు. నాకు పదకొండేళ్ళప్పుడు తెనాలి నుంచి వచ్చాం. లాలాగూడ, మెట్టుగూడ వైపు తిరిగినవాళ్ళకి తెలిసే ఉంటుంది, ఇక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. నిజాం రైల్వే రోజుల నుంచీ డ్రైవర్లుగా, గార్డులుగా పనిచేసినవాళ్ళ పిల్లలు, మనవలు. ఇప్పుడు చాలామంది ఆస్ట్రేలియా వెళ్ళిపోయారనుకోండి. మా పక్కింటి ఆంటీ వాళ్ళదీ అలాంటి కుటుంబమే. అంకుల్ గార్డుగా రిటైరయ్యారు. ఆంటీ మాట్లాడితే ఒకే వాక్యంలో ఇంగ్లిషు, తెలుగు, సికింద్రాబాద్ హిందీ మూడూ పడతాయి. ట్రైఫిల్‌లాగే, పొరలు పొరలుగా.

ప్రతి క్రిస్మస్‌కి ఆంటీ ఇంటి నుంచి మా ఇంటికి ఒక గిన్నె వచ్చేది. అడుగున ఎర్ర జెల్లీ, పైన పసుప్పచ్చ కస్టర్డ్, దాని మీద తెల్లటి క్రీమ్, ఒక చెర్రీ. నేనూ తమ్ముడూ ఆ గిన్నె కోసం పొద్దుట్నుంచీ గోడ దగ్గరే తచ్చాడేవాళ్ళం.

నానమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. మడి, ఆచారం ఉన్న మనిషి. గుడ్డు పడిన గిన్నె వంటింట్లోకి రాకూడదు. "మేడ మీదకి పట్టుకుపోయి తినండి, చేతులు కడుక్కుని కిందకి రండి" అనేది. తిట్టేది కాదు, మొహం చిట్లించేది కాదు. రూలు రూలే. అమ్మ ఆ రూలుకి ఏమీ అనేది కాదు. నాన్న మాతోపాటు మేడెక్కి సగం తినేసి, కిందకొచ్చి ఏమీ తెలియనట్టు పేపరు తిరగేసేవారు.

ఆ గిన్నెతోపాటు ఆంటీ ఇంకోటి కూడా పంపేది. నాలుగు అరటిపండ్లు, రెండు ఆపిల్స్. కోయనివి. "ఇవి మామ్మగారికి" అని విడిగా కవర్లో పెట్టి ఇచ్చేది. తొక్క తీయని పండుకి అంటు ఉండదని ఆంటీకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. మేం చెప్పలేదు. నానమ్మ ఆ పండ్లు మాత్రం కడిగి దేవుడి దగ్గర పెట్టి తినేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కదా, మర్నాడు అందులో అరిసెలో, జంతికలో పెట్టి నా చేతికిచ్చేది. ఆంటీ గోడ దగ్గరే నిలబడి ఒక అరిసె విరిచి నోట్లో వేసుకుని "చెప్పు మామ్మగారికి, ఫస్ట్ క్లాస్" అనేది.

నాకు పదిహేనో పదహారో వచ్చాక ఈ లెక్కలో ఏదో తేడా ఉందని అనిపించడం మొదలైంది. మనవి వాళ్ళు తింటారు, వాళ్ళవి మనం తినం. ఓసారి నానమ్మని అడిగేశా. "అదేమీ వాళ్ళని తక్కువ చెయ్యడం కాదే, నా పొట్టకి నేను పెట్టుకున్న కట్టుబాటు" అంది. నానమ్మ నిజంగానే అలా అనుకుంటోందని నాకు తెలుసు. కానీ గోడకి అటువైపు నిలబడితే అది వేరేలా కనిపిస్తుందని కూడా తెలుసు. రెండూ నిజమే అయినప్పుడు ఎవరితో పోట్లాడతాం? నేను పోట్లాడలేదు. ఆ ఏడాది కూడా మేడ మీదకే వెళ్ళాం.

పోయిన అక్టోబర్లో ఆంటీ చెప్పింది, జనవరికల్లా పెర్త్ వెళ్ళిపోతున్నామని. వాళ్ళబ్బాయి అక్కడే ఉంటాడు. ఇల్లు ఖాళీ చేసేస్తున్నారు. ఇదే ఇక్కడ చివరి క్రిస్మస్. అప్పుడు పుట్టింది ఆలోచన. ఈసారి ట్రైఫిల్ మా ఇంట్లో చేస్తే? నానమ్మ తినగలిగేది, ఆంటీ ట్రైఫిల్ అని ఒప్పుకునేది, రెండూ ఒకే గిన్నెలో ఉండేలా?

తమ్ముడు వెంటనే షార్ట్‌కట్ చెప్పాడు. "చెప్పకుండా పెట్టెయ్యి. ఏం తెలుస్తుంది?" వాడు చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. కానీ నానమ్మ ఏదైనా తినేముందు ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. "నువ్వు చూశావా?" చూశాను అంటే తినేస్తుంది, అంతే. ప్యాకెట్ చూడదు, వాసన చూడదు. ఆ ఒక్క మాట మీద ఎనభై రెండేళ్ళ మనిషి నోరు తెరుస్తుంది. అందుకని నేను నిజంగానే ప్రతిదీ చూడాల్సొచ్చింది.

ఆంటీ దగ్గర కూర్చుని ఆవిడ పద్ధతంతా ఫోన్లో టైప్ చేసుకున్నా. అడుగున స్పాంజ్ కేకు, గుడ్లు ఆరు. తడపడానికి ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్. ఇంగ్లండ్‌లో అయితే షెర్రీ పోస్తారట. జెల్లీ, ఎర్ర ప్యాకెట్. అందులో ఉండే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. గుడ్డు, మద్యం, ఎముక! నానమ్మకి వ్యతిరేకంగా ఎవరో కూర్చుని రాసినట్టుంది కదా జాబితా.

తర్వాత కస్టర్డ్ దగ్గరికొచ్చాం. ఇందులో ఎన్ని గుడ్లు అని అడిగా. ఆంటీ నవ్వి డబ్బా చేతిలో పెట్టింది. "ఒక్కటి కూడా లేదు బేటా, చదువు."

నిజమే. మొక్కజొన్న పిండి, రంగు, వెనిలా వాసన. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క. అసలైన పాతకాలపు కస్టర్డ్ అంటే పాలు, గుడ్డు సొనలు సన్న సెగ మీద కాచి చిక్కబరిచేది. మరి ఈ గుడ్డు లేని పొడి ఎక్కడిది? 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు పడదు. కస్టర్డేమో ఇష్టం. అందుకని గుడ్డు బదులు మొక్కజొన్న పిండితో చిక్కబడే పొడి కనిపెట్టాడు. ఆవిడకి ఈస్ట్ కూడా పడదని ఆ తర్వాత కొన్నేళ్ళకి బేకింగ్ పౌడర్ కూడా తయారుచేశాడు! ఆయన వారసుల కస్టర్డ్ ఫ్యాక్టరీ భవనాలు బర్మింగ్‌హామ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆర్టిస్టుల స్టూడియోలు, కేఫ్‌లు నడుస్తుంటాయి అందులో.

ఇది చదివాక నాకు భలే ధైర్యం వచ్చింది. ఇంట్లో ఒక మనిషి తినలేకపోతోందని వంటనే మార్చుకున్నవాడు దాదాపు రెండొందల ఏళ్ళ కిందటే ఉన్నాడన్నమాట. నేను కొత్తగా చేస్తున్న అపచారమేమీ లేదు.

అసలు ట్రైఫిల్ కూడా మొదట్నుంచీ ఇలా లేదు. 16వ శతాబ్దం చివర్లో థామస్ డాసన్ రాసిన వంటల పుస్తకంలో ట్రైఫిల్ అంటే చిక్కటి మీగడలో చక్కెర, అల్లం, రోజ్ వాటర్ కలిపి వెచ్చబెట్టింది, అంతే. కేకు లేదు, పండు లేదు. మన హైదరాబాదీ మిఠాయిల పక్కన పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. మద్యంలో నానిన బిస్కెట్లు, కస్టర్డ్, పైన నురగ క్రీమ్ ఉన్న రూపం 18వ శతాబ్దం మధ్యలో హన్నా గ్లాస్ పుస్తకం నాటికి వచ్చింది. ఆ తర్వాత ఎవరింట్లో ఏముంటే అది వేసుకుంటూ పోయారు. 2022లో ఎలిజబెత్ రాణి ప్లాటినం జూబ్లీకి బ్రిటన్‌లో పెద్ద పుడ్డింగ్ పోటీ పెడితే గెలిచింది కూడా ట్రైఫిలే. నిమ్మ రుచి స్విస్ రోల్‌తో చేసింది. కాబట్టి "ఇది ఒరిజినల్ కాదు" అనేవాళ్ళని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇక పని. కేకుకి గుడ్డు బదులు పెరుగు. ఒక కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగే దాకా కలిపి, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే బుసబుసా పొంగుతుంది. అందులో అర కప్పు నూనె, చెంచా వెనిలా, జల్లించిన ఒకటిన్నర కప్పుల మైదా. మాకు ఓవెన్ లేదు. నానమ్మ పాత కుక్కర్లో గాస్కెట్, వెయిట్ తీసేసి, నీళ్ళు పోయకుండా అడుగున స్టాండ్ పెట్టి, సన్న మంట మీద ముప్పావు గంట. వెన్న కన్నా నూనె ఎందుకంటే, ట్రైఫిల్ ఫ్రిజ్‌లో ఉండాల్సింది. వెన్న కేకు చల్లబడితే బిరుసెక్కుతుంది, నూనె కేకు మెత్తగానే ఉంటుంది. ఒకరోజు ముందే చేసిపెట్టండి. తాజా కేకు రసం తగలగానే ముద్దైపోతుంది, కాస్త ఆరినదైతే పీల్చుకుని నిలబడుతుంది.

వైన్ స్థానంలో బత్తాయి రసం. వడగట్టి, రెండు చెంచాల చక్కెర కరిగించి, చిన్న అల్లం ముక్క దంచి వేసి పది నిమిషాలు ఉంచా. షెర్రీలో ఉండే ఆ గొంతు దగ్గరి వెచ్చదనం కొంచెం అల్లంతో వస్తుంది. ఆంటీ ఐడియానే.

జెల్లీ దగ్గర చైనా గ్రాస్ వాడా. కిరాణా షాపులో అలాగే అడగండి, ఇస్తారు. అగర్ అగర్ అని కూడా అంటారు. సముద్రపు నాచు నుంచి తీస్తారు. ఇది చెప్పగానే నానమ్మ ఆగింది.

"సముద్రంలోదా? చేపలూ అవీ తగులుతాయేమోనే!"

"ఉప్పు ఎక్కడిది నానమ్మా?"

"నోరు బాగా లేస్తోంది నీకు" అంది గానీ సరేనంది.

అర లీటరు రసానికి నాలుగు గ్రాముల పొడి చాలు. ముందు కొంచెం నీళ్ళలో వేసి పూర్తిగా కరిగేదాకా మరిగించాలి, తర్వాతే దానిమ్మ రసం వేడిచేసి కలపాలి. చల్లటి రసంలో పోస్తే అక్కడికక్కడే తాళ్ళు తాళ్ళుగా గడ్డకడుతుంది. ఇంకో సంగతి. జెలటిన్ జెల్లీ నోట్లో పెట్టగానే కరుగుతుంది, ఎందుకంటే మన ఒంటి వేడికే అది కరిగిపోతుంది. అగర్ అలా కాదు, దాదాపు 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకే కొంచెం పుటుక్కున తెగినట్టుంటుంది. నిజం చెప్పాలంటే జెలటిన్‌దే మంచి తీరు. కానీ కరెంటు పోయినా, ఏప్రిల్ ఎండ ఉన్నా అగర్ జెల్లీ కూర్చున్నచోట కూర్చునే ఉంటుంది. హైదరాబాద్‌లో అది చిన్న సుగుణం కాదు.

పండ్లు నా ఇష్టం అన్నారు ఇద్దరూ. ఒక దశలో ఖుబానీ వేద్దామనుకున్నా. ఎండు ఆప్రికాట్లు నానబెట్టి చక్కెరతో ఉడికించే ఖుబానీ కా మీఠా మన ఊరిదే కదా. దాన్నే కేకు, కస్టర్డ్, క్రీమ్‌తో పొరలుగా పేర్చి ఆప్రికాట్ డిలైట్ అని అమ్ముతున్నారు. ట్రైఫిల్‌కి హైదరాబాదీ కజిన్ అది. కానీ అది వేస్తే ఆంటీ "ఇది వేరే ఐటెమ్" అనేస్తుందని అనుమానం వచ్చింది. అందుకని అరటి, ఆపిల్, నల్ల ద్రాక్ష, అనాస.

అనాస దగ్గర జాగ్రత్త. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ని విరగ్గొడుతుంది. జెలటిన్ ప్రోటీనే కాబట్టి పచ్చి అనాస వేస్తే జెల్లీ ఎంతకీ గట్టిపడదు. బొప్పాయి, కివీ కూడా అంతే. అగర్ ప్రోటీన్ కాదు కాబట్టి దానికి ఈ భయం లేదు. అయితే పచ్చి అనాస పాల పదార్థాలకి తగిలితే కాసేపటికి చేదెక్కుతుంది, మనకేమో పైన కస్టర్డ్ ఉంది. అందుకని ముక్కల్ని చక్కెర వేసి ఐదారు నిమిషాలు ఉడికించి చల్లార్చా. వేడికి ఆ ఎంజైమ్ పని అయిపోతుంది. అరటి ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం చిలకరించా.

కస్టర్డ్ కాచేటప్పుడే నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన విషయం జరిగింది. అర లీటరు పాలు, మూడు పెద్ద చెంచాల పొడి, నాలుగు చెంచాల చక్కెర. పొడిని చల్లటి పాలల్లో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న పాలల్లో పోస్తూ గరిటె ఆపకుండా తిప్పుతున్నా. నానమ్మ స్టూలు వేసుకుని వంటింటి గుమ్మంలో కాపలా. తీపి సరిపోయిందో లేదో చూద్దామని వచ్చిన తమ్ముడు చెంచాతో కొంచెం తీసుకుని నాకి, అదే చెంచా మళ్ళీ గిన్నె వైపు తీసుకెళ్ళాడు.

"ఎంగిలి!" అని నానమ్మ ఒక్క కేక పెట్టింది. వాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వాడు ఊరుకుంటాడా? "ఎంగిలైతే ఏమవుతుంది నానమ్మా, సైంటిఫిక్‌గా చెప్పు" అని మొదలుపెట్టాడు. అప్పుడు నేను చెప్పా. కస్టర్డ్ చిక్కగా నిలబడేదే పిండిపదార్థం వల్ల. మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిండిపదార్థాన్ని ముక్కలు చెయ్యడమే దాని పని. నాకిన చెంచా చల్లారిన కస్టర్డ్‌లో పెట్టి వదిలేస్తే ఆ చోట కస్టర్డ్ పలచబడి నీళ్ళవుతుంది. నమ్మకపోతే మీరే ఒక చిన్న కప్పులో ప్రయత్నించండి. మేం అప్పుడే చేశాం. చల్లారిన కస్టర్డ్ రెండు కప్పుల్లో పోసి, ఒకదాంట్లో వాడి చెంచా, ఇంకోదాంట్లో శుభ్రమైన చెంచా పెట్టి తిప్పి వదిలేశాం. కాసేపయ్యాక చూస్తే వాడి కప్పులోది మజ్జిగలా జారుతోంది.

నానమ్మ ఆ కప్పు వంక చూసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూసింది. "మరి మేం చెబితే వినరు" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. కానీ ఆ క్షణం నుంచీ ట్రైఫిల్ నా ప్రాజెక్టు కాకుండా పోయింది, ఆవిడదైపోయింది. "మూత పెట్టు, మీగడ కడుతుంది", "వేడిగా గాజు గిన్నెలో పొయ్యకు, పగులుతుంది", "ఆపిల్ ఇంకా సన్నగా తరుగు" అంటూ మొదలైంది. చెప్పినవన్నీ కరెక్టే. కస్టర్డ్ మీద తొరక కట్టకుండా ప్లాస్టిక్ షీట్‌ని పైభాగానికి అంటించినట్టు కప్పి చల్లార్చాలి. గట్టిపడ్డాక మళ్ళీ గరిటె పెట్టి కలపకూడదు, నీరొదిలేస్తుంది.

క్రీమ్ దగ్గర నానమ్మే లేకపోతే మేం మునిగేవాళ్ళం. మామూలుగా టెట్రా ప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. 30 శాతం దాటిన విప్పింగ్ క్రీమ్ కావాలి. అది తెచ్చా. మా దగ్గర ఎలక్ట్రిక్ బీటర్ లేదు. చేత్తో పావుగంట కొట్టేసరికి నా భుజం పడిపోయింది, క్రీమ్ మాత్రం పాలలాగే నవ్వుతూ ఉంది. నానమ్మ లేచి చిన్న కవ్వం తెచ్చింది. ఒక పళ్ళెంలో ఐసు ముక్కలు పోయించి, దాని మధ్యలో క్రీమ్ గిన్నె పెట్టి, రెండు అరచేతుల మధ్య కవ్వం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళకి పైగా వెన్న తీసిన చేతులవి.

"వెన్న పడేముందు ఒక చప్పుడొస్తుంది. అంతదాకా రానివ్వకూడదు, దానికి ముందే ఆపాలి" అంది. నాకే చప్పుడూ వినపడలేదు. ఆవిడకి వినపడింది. కవ్వం ఎత్తేసరికి క్రీమ్ ముక్కు తిప్పుకున్నట్టు చిన్న కొసతో నిలబడింది. క్రీమ్‌లో కొవ్వు కణాలు గాలి బుడగల చుట్టూ పట్టుకుని నిలబడితే నురగ, ఇంకా తిప్పితే ఒకదానికొకటి అతుక్కుని వెన్న. ఆ రెండిటి మధ్య ఉండేది కొన్ని తిప్పులే. యూట్యూబ్‌లో నేను చూసిన వీడియోల్లో దాన్ని చూసి తెలుసుకోమన్నారు, విని తెలుసుకోమని ఎవరూ చెప్పలేదు.

పేర్చడం పది నిమిషాల పని. కేకు, రసం, పండ్లు, జెల్లీ ముక్కలు, కస్టర్డ్. మళ్ళీ ఇంకో వరస. క్రీమ్ మర్నాడు పైన వెయ్యాలి. చిక్కంతా ఆ 'మర్నాడు' దగ్గరే వచ్చింది. ట్రైఫిల్ రాత్రంతా నానాలి, నానమ్మ చద్ది తినదు. మరి పెరుగో, అది రాత్రి తోడుపెట్టి మర్నాడు తినేదే కదా అని నేను అడిగితే ఆవిడ చాలాసేపు ఆలోచించింది. చివరికి ఒక రాజీ కుదిరింది. ఆవిడకి విడిగా స్టీలు గ్లాసులో, ఎవరూ ముట్టుకోకముందే, పొద్దున్నే అప్పటికప్పుడు పేర్చి పెట్టాలి. రెండు గంటలు మాత్రం నానుతుంది. సరే.

క్రిస్మస్ మర్నాడు సాయంత్రం ఆంటీనీ అంకుల్నీ పిలిచాం. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. గాజు గిన్నె ఆంటీదే, గోడ మీదుగా అడిగి తెచ్చుకున్నా. నానమ్మ తన గ్లాసు పట్టుకుని వాకిలి పక్క మోడా మీద కూర్చుంది. చెంచా ముంచేముందు నా వైపు చూసింది.

"అన్నీ చూశావా?"

"చూశాను నానమ్మా. గుడ్డు లేదు, ఎముక లేదు, సారా లేదు."

తింది. క్రీమ్, కస్టర్డ్, పండ్లు, జెల్లీ దాకా వెళ్ళి ఆగింది. "అడుగుది నానిన రొట్టెలా ఉంది, నాకొద్దే" అని కేకు వదిలేసింది. కేకంటే పిచ్చి కోపం వచ్చింది నాకు, అంత కష్టపడ్డాక! కానీ గ్లాసులో ముప్పావు వంతు ఖాళీ.

ఆంటీ ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు. రెండో చెంచా, మూడో చెంచా తింటూనే ఉంది. అంకుల్ మాత్రం "వేర్ ఈజ్ ది వైన్?" అని గొణిగారు. చివరికి ఆంటీ గిన్నె కింద పెట్టి, "జెల్లీ గట్టిగా ఉంది. వైన్ లేకపోతే మా మమ్మీ ఒప్పుకునేది కాదు" అంది. తర్వాత నానమ్మ వైపు తిరిగి, "క్రీమ్ ఎవరు చేశారు మామ్మగారూ?" అని అడిగింది.

"నేనే" అంది నానమ్మ.

"నా క్రీమ్ ఎప్పుడూ ఇట్లా నిలబడలేదు. ఎలా చేశారో నాకు చూపించాలి."

ఆ మాటకి నానమ్మ మొహంలో వచ్చిన వెలుగు ఉంది చూశారూ, నేను ఫోన్ తీసేలోపే మాయమైపోయింది. వెళ్ళి కవ్వం తెచ్చింది. ఇద్దరూ వరండాలో కూర్చుని ఖాళీ గిన్నెలోనే కవ్వం తిప్పుతూ అరగంట మాట్లాడుకున్నారు. 14 ఏళ్ళలో వాళ్ళిద్దరూ గోడ లేకుండా అంతసేపు కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

నానమ్మ మారిపోయిందని రాస్తే బాగుండేది గానీ అలా ఏం జరగలేదు. ఆ ముందురోజు ఆంటీ ఇంటి నుంచి వచ్చిన ఆరు గుడ్ల ట్రైఫిల్ ఎప్పట్లాగే మేడ మీదకే వెళ్ళింది. రుచిలో అదే గొప్పదని కూడా చెప్పాలి, నాది దాని ముందు కొంచెం స్కూలు పిల్లలా ఉంది. కవర్లో నాలుగు అరటిపండ్లూ వచ్చాయి. ఆ అరటిపండ్లే నేను నా ట్రైఫిల్‌లో వేశా. ఆ సంగతి నానమ్మకి ముందే చెప్పా కూడా. "పండుకేముందే, వెయ్యి" అంది.

జనవరి రెండో వారంలో ఆంటీ వాళ్ళు వెళ్ళిపోయారు. గాజు గిన్నె మా దగ్గరే ఉంది. సూట్‌కేసులో పగిలిపోతుందని వదిలేసింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదన్నది నానమ్మ రూలు కాబట్టి, ఆంటీ అందులో ఒక కస్టర్డ్ పొడి డబ్బా, తన చేతిరాతలో ఉన్న పాత రెసిపీ కాగితం పెట్టి ఇచ్చింది. అందులో గుడ్ల లెక్క దగ్గర పెన్నుతో ఒక గీత కొట్టి, పక్కన 'కర్డ్' అని రాసి ఉంది.

ఫిబ్రవరిలో ఓ పొద్దున పెర్త్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఎండాకాలం కదా, 40 డిగ్రీలట. మనవడి పుట్టినరోజుకి ట్రైఫిల్ చేస్తోంది. ఎలక్ట్రిక్ బీటర్ ఉంది, ఖరీదైన క్రీమ్ ఉంది, అయినా నిలబడట్లేదు. నేను ఫోన్ నానమ్మకిచ్చా. నానమ్మకి వీడియో కాల్ అంటే ఇప్పటికీ అవతలివాళ్ళకి వినపడదేమోనని భయం. ఫోన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

"గిన్నె కింద ఐసు పెట్టమ్మా! ముందు ఆ గిన్నె చల్లబడనీ! చప్పుడు విను, చప్పుడు!"